మేక కొరికిన కొమ్మ

ఫిబ్రవరి 3, 2025. సోమవారం. ఆత్మకూరు

పేపర్ అచ్చయింది. మా కెమిస్ట్రీ హెడ్ మల్లికార్జున గారు స్టాఫ్ రూములో మైసూర్‌పాక్ పంచారు.

రేగాకు కషాయం కలిపితే యాసిడ్ ఉక్కును తినకుండా ఆపవచ్చని ఆ పేపర్ సారాంశం. బజారులో దొరికే మందులు విషం, కాలువలో కలిస్తే చేపలు తేలతాయి, రేగాకు ఎవరికీ హాని చేయదు. ఈ మాటలన్నీ నావే. ఆకులు ఉడకబెట్టింది నేను. వడగట్టింది నేను. ఇనప ముక్కల్ని యాసిడ్‌లో వేలాడదీసి, తీసి, కడిగి, తూచి, మళ్ళీ వేలాడదీసి, చేతివేళ్ళు పగిలి సాంబారన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది నేను. పైన మాత్రం రెండు పేర్లున్నాయి. ఒకటి ఆయనది. రెండోది వాళ్ళ అన్నకొడుకు సుధీర్‌ది. సుధీర్ బెంగుళూరులో కార్లు అమ్ముతాడు. రేగుచెట్టు చూపిస్తే పేరు చెప్పగలడో లేదో నాకు అనుమానమే.

నా పేరు కూడా ఉంది. చివరి పేజీలో, చీమల్లాంటి అక్షరాల్లో. "ఆకులు సేకరించి ఇచ్చినందుకు విజయకుమారికి కృతజ్ఞతలు."

ఆకులు సేకరించి ఇచ్చినందుకు.

"ఏంది విజయా, అట్టా నిలబడినావు? స్వీటు తీసుకో. నీ పేరు గూడా ఏయించినాను గదా" అన్నారు.

నవ్వాను. తీసుకున్నాను. తిన్నాను కూడా. దానికే ఎక్కువ మండుతోంది. నోరు విప్పి ఒక్క మాట అనలేకపోయిన దాన్ని ఆ తీపి ముక్కనైనా కింద పెట్టి రావలసింది.

ఇక్కడ కూడా ఆయన్ని "గారు" అనే రాస్తున్నాను. అలవాటు. కానీ ఈ మనిషిని ఊరికే వదలను.

ఫిబ్రవరి 4

ఈరోజు కూడా ఆయనకు నమస్కారం పెట్టాను.

ఫిబ్రవరి 6

అడిగేశాను. గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి అడిగాను. సార్, పని నాది కదా అని.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కుర్చీలో వెనక్కి వాలి, నా మీద జాలిపడ్డారు.

"చూడు విజయా. మీ అమ్మ మేకలు కాసుకుంటా ఉండాది. నిన్ను పిలిచి ఈ ఉద్యోగం ఇప్పించింది ఎవురు? పేర్లూ గీర్లూ నిదానంగా వస్తాయిలే. జూన్‌లో నీ కాంట్రాక్టు మళ్ళా రాయాల్నా, వద్దా? అది చూసుకో ముందు."

అట్నే సార్ అని వచ్చేశాను. గుమ్మం దాటాక చూస్తే, చేతిలో పట్టుకున్న ప్రాక్టికల్ రికార్డు అట్ట మీద నా గోళ్ళు దిగి ఉన్నాయి.

ఫిబ్రవరి 9, ఆదివారం. ఉదయగిరి

బస్సు దిగి ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "ఏమ్మే, మొకం అట్టా మాడ్చుకొని ఉండావు?" ఎండ అన్నాను. అమ్మకు మోకాళ్ళ నొప్పి, మేకల్ని నేనే కొండ పాదానికి తోలుకుపోయాను.

కొండెక్కే దారి పక్కన రేగు పొదలు. మా గొడ్డుమేక ఒక కొమ్మను నాలుగు కొరుకులు కొరికి, ఇంకా ఆకు ఉండగానే వదిలేసి పక్క పొదకు పోయింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కొరికిన కొమ్మ మళ్ళీ చిగురేసినప్పుడు వగరెక్కుతుంది. మేకల నుంచి తనను కాపాడుకోవడానికి చెట్టు చేసే పని అది. ఆ వగరే ఉక్కు మీద పొరలా పట్టుకుని యాసిడ్‌ను దగ్గరికి రానివ్వదు. మేక మూతి తగలని ఆకులో అంత వగరు ఉండదు.

ఊహ కాదు ఇది. పోయిన ఆగస్టులో రెండు రకాలూ పక్కపక్కన పెట్టి చూశాను. మా కొండ ఆకు వేసిన ఉక్కు ముక్క చెక్కుచెదరలేదు. కాలేజీ కంచెలోపలి రేగాకు వేసిన ముక్కను యాసిడ్ కొరుక్కుతింది. పరుగెత్తుకుంటూ పోయి ఆయనకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, "యాడో తూకం తప్పినావు. ఆ లెక్క తీసెయ్, పేపర్ చెడిపోతాది" అన్నారు. తీసేశాను. పేపర్లో రేగాకు అని మాత్రమే ఉంది. ఏ రేగాకో లేదు.

అంటే, ఆ పేపర్ నమ్మి ఎవరైనా చేతికందిన రేగాకు ఉడకబెడితే పోయేది ఆయన పరువు.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది. అమ్మ రాగిసంగటి పెడితే రెండు ముద్దలు తిన్నాను.

ఫిబ్రవరి 12

నేను వెతుక్కుంటూ పోనక్కర లేకుండా అదే వచ్చింది.

ఆయన బావమరిది చంద్రశేఖర్‌కు సంగం రోడ్డులో ఉప్పుడుబియ్యం మిల్లు ఉంది. ధాన్యం ఉడకబెట్టే ఆవిరి బాయిలర్ నుంచి వస్తుంది. ఇక్కడి నీళ్ళలో సున్నం ఎక్కువ, బాయిలర్ గొట్టాల లోపల అది రాయిలా గట్టిపడుతుంది. యాసిడ్ తిప్పి కరిగించాలి. యాసిడ్ సున్నంతోపాటు గొట్టాన్ని కూడా తినకుండా ఉండటానికి మందు కలుపుతారు. ఈసారి మందు బదులు మన రేగాకు కషాయం అట. విలేఖరుల్ని పిలుస్తారట. జిల్లాలో మొదటిసారి అట. కషాయం కాచేది మాత్రం నేను.

"సార్, ఆకు మా కొండ నుంచి తెప్పిద్దామా? మా మేకలు తిరిగే చోటు నుంచి" అన్నాను.

మొహం చిట్లించారు. "మేకలు కొరికిన ఎంగిలి ఆకా? బాయిలర్‌ను పూజ చేసి వెలిగిస్తారు విజయా. మిల్లుకు లచ్చిందేవి అది. దాంట్లో ఎంగిలి పోస్తామా? మా తోటలో కంచె లోపల రేగు ఉండాది. ఒక్క మేక మూతి పెట్టిండదు. శుభ్రమైన ఆకు. అది కోయించు."

ఆగస్టు లెక్క సంగతి నోటిదాకా వచ్చింది. మింగేశాను. "అట్నే సార్" అన్నాను. ఈసారి ఆ మాట అనడం ఎంత సుఖంగా ఉందో.

నేను అబద్ధమేమీ చెప్పలేదు. కొండ ఆకు తెద్దామా అని అడిగాను. ఆయనే వద్దన్నారు.

ఫిబ్రవరి 13

బాయిలర్‌కు సేఫ్టీ వాల్వు ఉంటుంది.

ఫిబ్రవరి 17

మిల్లు ఆవరణలో పెద్ద గంగాళాల్లో తోట ఆకు ఉడకబెట్టించాను. కాస్త చల్లారాక వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. గోరువెచ్చటి నీళ్ళు తాగినట్టే ఉంది. వగరు లేదు.

బాయిలర్ చూసుకునే మనిషి కామయ్య. మా సెకండియర్ అశ్విత వాళ్ళ నాన్న అట. నాకు తెలియదు. గంగాళం పట్టుకోబోతే అడ్డం వచ్చాడు. "మీరు పక్కన నిలబడండమ్మా. కాలతాది. మా పాప మిమ్మల్ని గురించి ఒకటే చెప్తా ఉంటాది" అన్నాడు. ఆ గంగాళాలు మోసి మోసి ఆయన చొక్కా తడిసిపోయింది.

పాత గొట్టం ముక్క ఒకటి కావాలంటే వెతికి ఇచ్చాడు. దానికి తీగ కట్టి ఉంచాను. యాసిడ్ తిప్పే తొట్టిలో వేలాడదీస్తాను. గొట్టాల లోపల ఏం జరుగుతుందో ఆ ముక్క చెబుతుంది. రేపు ఆయన బుకాయిస్తే నా చేతిలో సాక్ష్యం ఉండాలి.

సీజన్ మధ్యలో గొట్టాలు కారుతాయి. మిల్లు ఆగుతుంది. చంద్రశేఖర్ బావను పట్టుకుని నలుగురిలో దులుపుతాడు. అంతే జరిగేది. అంతకన్నా ఏమీ జరగదు.

ఫిబ్రవరి 20

చప్పట్లు! చప్పట్లు కొట్టారు!

యాసిడ్ తీసేసి నీళ్ళతో కడిగి మూత తెరిస్తే గొట్టాలు కొత్త వెండి గిన్నెల్లా మెరుస్తున్నాయి. చంద్రశేఖర్ లైటు వేసి అందరినీ పిలిచి చూపించాడు. మల్లికార్జునకు దండ వేశారు. ఫోటోలు తీశారు. ఆయన మాట్లాడుతూ ప్రకృతి అన్నాడు, మన పూర్వీకులు అన్నాడు, రైతుబిడ్డను అన్నాడు. నేను గంగాళాల పక్కన నిలబడ్డాను. ఫోటోలో నా మోచెయ్యి పడి ఉండవచ్చు.

పైపొర మొత్తం తినేస్తే లోపలి ఉక్కు మెరవక ఏం చేస్తుంది? అక్కడున్న వాళ్ళలో ఆ మెరుపేమిటో తెలిసింది నాకొక్కదానికే. దండ వేసుకున్న మనిషిని చూస్తూ లోలోపల నవ్వుకున్నాను. అంత హాయిగా నేను నవ్వుకుని ఎన్నేళ్ళయిందో.

నా ముక్కను రుమాల్లో చుట్టి తెచ్చుకున్నాను. సగానికి పైగా పలచబడింది. అంచులు ఎలుకలు కొరికినట్టున్నాయి.

ఇరవై ఎనిమిదిన, మంచి రోజని, బాయిలర్ వెలిగిస్తారు.

ఫిబ్రవరి 22

వాల్వు ఉంటుంది.

ఫిబ్రవరి 25

గంగాళాలు కడిగించి తెచ్చుకుందామని మిల్లుకు వెళ్ళాను. మధ్యాహ్నం. అశ్విత క్యారియర్ తెచ్చింది. కాలేజీలో నా ఎదుట నోరు విప్పని పిల్ల, అక్కడ కామయ్య పక్కన మెట్టు మీద కూర్చుని గలగలా మాట్లాడుతోంది. నన్ను చూసి లేచి, తన ప్లేటులోని చేపల పులుసు సగం నాకు పెట్టింది. సోమశిల నుంచి వాళ్ళ మేనమామ తెచ్చిన చేపలట.

"మేడం, మా నాయన శుక్రవారానికి కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. టీవీలో వస్తానంట" అంది.

"ఊరుకోమ్మే" అని కామయ్య సిగ్గుపడ్డాడు. "వెలిగించేది నేనే గదమ్మా. పొయ్యి ముందర నేనే గదా ఉండేది."

వాళ్ళు కూర్చున్న మెట్టు బాయిలర్ పొయ్యి నోటికి ఎదురుగా ఉంది. రోజూ అక్కడే తింటారట. ఎండాకాలం కూడానా అంటే, అలవాటైపోయిందన్నాడు.

ప్లేటు కింద పెట్టేశాను. ముల్లు గుచ్చుకుందని చెప్పి లేచి వచ్చేశాను.

వాల్వు ఆవిరి ఎక్కువైతే తెరుచుకుంటుంది. గొట్టం పలచబడితే దానికేం తెలుస్తుంది? మామూలు ఆవిరికే చిట్లుతుంది. నేను కెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. ఈ సంగతి నాకు మొదటి రోజు నుంచీ తెలుసు.

ఫిబ్రవరి 27

చెప్పేస్తే ఆయన తప్పించుకుంటాడు. ముందే, గదిలో, మెల్లగా చెబితే గొట్టాలు మార్పించి, ఎంగిలి ఆకు గొప్పదనం కూడా తనే కనిపెట్టానంటాడు. దానికి కూడా మైసూర్‌పాక్ పంచుతాడు.

రేపు అందరి ముందూ చెబుతాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

గుమ్మడికాయ కొట్టారు. కామయ్య కొత్త చొక్కాతో, చేతిలో నూనెగుడ్డ చుట్టిన కర్రతో నిలబడ్డాడు. మల్లికార్జున అగ్గిపెట్టె తీశాడు. కెమెరాలు పైకి లేచాయి. అంతవరకూ ఆగాను. ఎందుకు ఆగానో నాకు తెలుసు.

"కామయ్యా, ఆ కర్ర కింద పెట్టండి" అన్నాను.

"ఏంది విజయా ఇది? శుభమా అంటా వెలిగిస్తా ఉంటే?" అన్నాడు మల్లికార్జున.

నా ముక్కను హారతి పళ్ళెంలో పెట్టాను. "చంద్రశేఖర్ గారూ, ఇది మీ బాయిలర్ గొట్టం ముక్కే. మొన్న యాసిడ్‌లో దాంతోపాటే వేలాడదీశాను. పట్టుకుని చూడండి."

ఆయన పట్టుకున్నాడు. బొటనవేలితో అంచు నొక్కితే విరిగి నల్లటి పొడి రాలింది. "బావా, ఏంది బావా ఇది?"

"అది ఏదో తుప్పు ముక్కరా. ఆకులో ఏ లోపమూ లేదు. మా తోటలో ఆకు. మేక మూతి పెట్టని ఆకు. నేనే దగ్గరుండి చెప్పి కోయించినాను."

ఈ మాట ఆయన నోటితోనే రావాలని కదా నేను ఎదురుచూసింది.

"మేక మూతి పెట్టలేదు కాబట్టే సార్ ఇట్టా అయింది" అని, వగరు సంగతి అందరికీ వినపడేలా చెప్పాను.

"ముందే చెప్పబళ్ళా మరి?" అన్నాడు చంద్రశేఖర్ నా వైపు తిరిగి.

"కొండ ఆకు తెద్దామన్నాను సార్. ఎంగిలి అని మీ బావగారే వద్దన్నారు." మల్లికార్జున కాదనలేకపోయాడు. ఆ మొహం నాకు చచ్చేదాకా గుర్తుంటుంది. గుర్తుండాలి.

సాయంత్రానికి నెల్లూరు నుంచి బాయిలర్ ఇంజినీరు వచ్చి గొట్టాల మందం చూశాడు. "ఈ గొట్టాలు పెట్టుకొని ఆవిరి ఎక్కించి ఉంటే, ముందర ఉండే మనిషికి తోలు గూడా మిగలదు" అన్నాడు. కామయ్య పొయ్యి ఎదుటి మెట్టు వైపు చూశాడు. అశ్విత ఆయన చెయ్యి పట్టుకుని, ఏడుస్తూ, నా వైపు దేవతను చూసినట్టు చూసింది.

నేను ఇటు తిరిగి మల్లికార్జున కారెక్కడం చూశాను.

మార్చి 4

కాలేజీ సెక్రటరీ రేణుకాదేవి గారు సంజాయిషీ అడిగితే మల్లికార్జున రాసి ఇచ్చాడు. "రేగాకు పరిశోధన మొత్తం విజయకుమారిదే. ఆకు ఎంపిక, కొలతలు, పరీక్షలు అన్నీ ఆమే చేసింది. నేను పర్యవేక్షించాను అంతే." అడుగున సంతకం.

చదివి పకపకా నవ్వాను. అటెండర్ భయపడ్డాడు.

మార్చి 7

రేణుకాదేవి గారి గదిలో విచారణ. మల్లికార్జున గొంతు పెంచి మాట్లాడాడు. నేను బల్ల మీద రెండు కాగితాలు పక్కపక్కన పెట్టాను. ఒకటి ఆయన పేపర్, రెండోది ఆయన సంజాయిషీ.

"మేడం, ఇందులో నేను ఆకులు కోసి ఇచ్చానంతే అని ఉంది. అందులో మొత్తం నేనే చేశానని ఉంది. రెండూ సారే రాశారు. అన్నీ నేనే చేసి ఉంటే ఈ పేపర్ దొంగది. నేను ఆకులు కోసిన దాన్నే అయితే బాయిలర్ తప్పు సారుది. ఏది నిజమో సార్‌నే చెప్పమనండి."

ఆమె ఒకటి చదివింది. రెండోది చదివింది. కళ్ళజోడు తీసి ఆయన వైపు చూసింది. "ఏమయ్యా, చెప్పు మరి."

చెప్పలేదు. ఏ పక్కకు నోరు తెరిచినా మునిగేది ఆయనే. నేను గోడకు ఆనుకుని, ఆయన మొహాన్నే చూస్తూ నిలబడ్డాను.

హెడ్ పదవి పోయింది. పేపర్ వెనక్కు తీసుకుంటానని రాసిచ్చాడు. రెండు రకాల ఆకుల తేడాతో కొత్త పేపర్ నన్నే రాయమన్నారు. నా పేరుతో. పైన. ఒక్క పేరు.

మార్చి 8

మైసూర్‌పాక్ కొన్నాను. మొత్తం నేనే తిన్నాను.

మార్చి 11

కామయ్య, అశ్విత నా గదికి వచ్చారు. కామయ్య వంగి కాళ్ళకు దండం పెట్టబోతే గబుక్కున వెనక్కి జరిగాను. మా నాయన బతికుంటే ఆ వయసే.

"మీరు లేకపోతే ఈపాటికి నా కర్మంతరం గూడా అయిపోయుండును తల్లీ" అన్నాడు.

అశ్విత కొత్త పేపర్‌కు సాయం చేస్తానంది. టైపు చేయడం వచ్చట. సరే అన్నాను. ఇంకేం అంటాను?

మార్చి 16, ఆదివారం. ఉదయగిరి

పేపర్ చేత్తో రాయడం పూర్తయింది. ఒక్క తేదీ తప్ప.

రెండు ఆకుల పరీక్ష ఎప్పుడు చేశానో రాయాలి. చేసింది పోయిన ఆగస్టులో. అలా రాస్తే, బాయిలర్‌కు కషాయం కాచే ముందే నాకు తెలుసునని ఎవరికైనా అర్థమవుతుంది. ఈ నెల మళ్ళీ పరీక్ష చేసి, ఈ నెల తేదీ వేయవచ్చు. ఎవరూ అడగరు.

కానీ అలా వేస్తే మల్లికార్జున ఊరుకుంటాడా? బాయిలర్ చెడ్డాక కదా ఈమెకు తెలిసింది, పాపం నాకెలా తెలుస్తుంది అంటాడు. ఆగస్టు తేదీ ఉంటేనే, నేను తెచ్చి చూపించిన లెక్కను ఆయన తీసేయించాడని లోకానికి తెలిసేది. పదవి పోయినా మనిషి ఇంకా తల ఎత్తుకునే తిరుగుతున్నాడు. మొన్న బస్టాండులో చూశాను, ఎవరితోనో నవ్వుతున్నాడు.

"గెలిచినావు గదమ్మే. ఇంకా ఏందా రాత? లేసి అన్నం తిను" అంది అమ్మ.

ఆగస్టు అని రాశాను.

మార్చి 19

ల్యాబులో అశ్వితకు కాగితాలిచ్చాను. నేను బీకర్లు కడుగుతూ నిలబడ్డాను. టకటకా టైపు చేస్తోంది. నా పేరు దగ్గర ఆగి నా వైపు చూసి నవ్వింది. తర్వాత చాలాసేపు చప్పుడు ఆగకుండా వినిపించింది. తర్వాత ఆగిపోయింది.

"మేడం, ఇది పోయిన ఆగస్టా?"

"ఊ."

"అయితే మీరు ఆ కసాయం కాసేటప్పటికే..."

కొళాయి తిప్పుకున్నాను. కడిగిన బీకరునే మళ్ళీ కడిగాను. ఆ పిల్ల మళ్ళీ తెర వైపు తిరిగింది. మిగిలింది టైపు చేసింది. ఒక్క తప్పు లేకుండా చేసి, కాగితాలు సర్ది బల్ల మీద పెట్టి, సంచి భుజానికి తగిలించుకుంది.

"మా నాయన చేతే మోయించినారు గదా మేడం ఆ గంగాళాలు" అని వెళ్ళిపోయింది.

మార్చి 20

అశ్విత ఈరోజు కూడా నాకు నమస్కారం పెట్టింది. నేను మల్లికార్జున గారికి పెట్టానే, అలాంటిది.